గడప దాటే దారి

తెలుగువారి జీవితంలో గడపకు ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. పండుగపూట పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టేది గడపకే. కొత్తకోడలు కుడికాలు ముందుంచి దాటేది గడపనే. ఊరి పెద్దతనాన్ని చెప్పవలసి వస్తే 'నూరు గడపల ఊరు' అంటారు. కోపం వచ్చినవాడు 'మీ గడప తొక్కను' అని శపథం చేస్తాడు. తిరుమల వేంకటేశ్వరుని సన్నిధికి గడప వంటిది కనుకనే కడపకు ఆ పేరు వచ్చిందని ఒక జనశ్రుతి. ఈ మాటలన్నింటిలోనూ గడప దాటడమంటే ఒక చోటికి చేరడం, అక్కడి మనుషులలో ఒకరు కావడం. దాటకపోవడం అనేది మనిషి ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయంగానే వీటిలో కనిపిస్తుంది. కాని దాటాలనే కోరిక ఉండి, దాటవలసిన పని ఉండి కూడా నాలుగంగుళాల కొయ్య దగ్గరో, మూడు మెట్ల దగ్గరో ఆగిపోవలసి వచ్చేవారు మన మధ్య లక్షల సంఖ్యలో ఉన్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం గలవారు 2 కోట్ల 68 లక్షల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 22 లక్షల 66 వేలు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. నేటి నిర్వచనంతో లెక్కిస్తే ఆ సంఖ్య పెరుగుతుందే కాని తగ్గదు. వీరిని ఏమని పిలవాలన్న విషయంలో మన సమాజం చాలా శ్రద్ధ చూపింది. 'వికలాంగులు' అనే మాట స్థానంలో 2015 చివరి నుంచి 'దివ్యాంగులు' అనే మాట ప్రచారంలోకి వచ్చింది. 'విభిన్న ప్రతిభావంతులు' అనే మాట కూడా ప్రభుత్వ వ్యవహారంలో ఉంది. పేరు మార్చడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. మెట్టు దగ్గర దారి వేయడానికి మాత్రం ఇసుక, సిమెంటు, సరైన కొలత కావాలి. ఈ మూడింటిలోనూ తరచుగా లోపించేది కొలతే.

భవనంలోకి ప్రవేశం అనగానే మనకు తలుపు గుర్తుకు వస్తుంది. నిజానికి ప్రవేశం వీధి అంచున మొదలవుతుంది. వీధి నుంచి ప్రహరీ గేటు, గేటు నుంచి ఆవరణలోని నడకదారి, అక్కడి నుంచి మెట్లు, మెట్ల పైన వసారా, ఆ తరువాత ద్వారం, గడప, చివరకు లోపలి గది. ఇది ఒక గొలుసు. ఇందులో ఏ ఒక్క లంకె తెగినా మిగిలినవన్నీ నిరుపయోగమే. గేటు దగ్గర పశువులు లోపలికి రాకుండా ఇనుప గొట్టాలు పరచి, మెట్ల దగ్గర మాత్రం చక్కని వాలుదారి కట్టిన కార్యాలయాలు ఉన్నాయి. ఆ వాలుదారి వరకు చక్రాల కుర్చీ ఎలా చేరుతుందన్న ప్రశ్న కట్టినవారికి తట్టదు.

మెట్లకు ప్రత్యామ్నాయం వాలుదారి. వాడుకలో దీనిని ర్యాంపు అంటున్నాం. ఇది చూడడానికి ఏటవాలుగా పోసిన సిమెంటు పలక మాత్రమే. అయితే దాని ప్రాణమంతా వాలులో ఉంటుంది. ప్రపంచంలోని చాలా దేశాలలోను, మన దేశపు నిర్మాణ ప్రమాణాలలోను అంగీకరించిన గరిష్ఠ వాలు పన్నెండుకు ఒకటి. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. కోణంలో చెప్పాలంటే ఇది ఐదు డిగ్రీల కన్న కొంచెం తక్కువ. ఇరవైకి ఒకటి అయితే మరీ మంచిది. అది వాలు అనిపించదు, నేల మెల్లగా లేచినట్లు ఉంటుంది.

పన్నెండు అనే అంకె మీద ఇంత పట్టుదల ఎందుకు? భౌతికశాస్త్రంలో వాలుతలం పాఠం చదివినవారికి దీని సమాధానం సులభంగా తెలుస్తుంది. మనిషి, కుర్చీ కలిసి 80 కిలోలు ఉన్నారనుకుందాం. పన్నెండుకు ఒకటి వాలులో ఆ కుర్చీ వెనక్కి జారకుండా నిలబడడానికి సుమారు ఆరున్నర కిలోల బరువును ఎత్తి పట్టినంత బలం కావాలి. వాలు ఆరుకు ఒకటి అయితే అది పదమూడు కిలోలు అవుతుంది. నాలుగుకు ఒకటి అయితే పందొమ్మిది కిలోలు దాటుతుంది. ఇది నిలబడడానికి మాత్రమే. ముందుకు కదలాలంటే చక్రాల ఘర్షణను కూడా జయించాలి. పైకి చేర్చడానికి చేసే మొత్తం పని మారదు. దారి పొడవు పెరిగిన కొద్దీ ఒక్కొక్క క్షణంలో కావలసిన బలం తగ్గుతుంది. ఈ బలమంతా ఇచ్చేవి కాళ్ళు కావు, భుజాలు, మణికట్లు. చక్రం అంచును పట్టి ఒకసారి నెట్టి, మరల పట్టు మార్చే ఆ అరక్షణంలో కుర్చీ వెనక్కి జారాలని చూస్తుంది. వాలు మరీ నిటారుగా ఉంటే గరిమనాభి వెనుక చక్రాల ఇరుసు దాటి వెనక్కి పోతుంది. అప్పుడు కుర్చీ జారడం కాదు, వెల్లకిలా పడుతుంది. దిగేటప్పుడు ముందుకు దూసుకుపోయే ప్రమాదం ఉండనే ఉంది. కాబట్టి నిటారు వాలుదారి మెట్ల కన్న మేలని అనుకోవడం పొరపాటు. మెట్లు మనిషిని ఆపుతాయి. నిటారు వాలు మనిషిని పడవేస్తుంది.

ఒక కళాశాలను ఉదాహరణగా తీసుకుందాం. ముఖద్వారం ముందు ఒక్కొక్కటి పదిహేను సెంటీమీటర్ల ఎత్తున నాలుగు మెట్లు ఉన్నాయి. మొత్తం ఎత్తు అరవై సెంటీమీటర్లు. దీనికి కావలసిన వాలుదారి పొడవు ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు, దాదాపు ఇరవైనాలుగు అడుగులు. కాని మెట్ల పక్కన పూలకుండీలు తీసివేస్తే పది అడుగుల స్థలం మాత్రమే ఉంది. మేస్త్రీ ఆ పది అడుగులలోనే సిమెంటు పోసి పని ముగిస్తాడు. వాలు ఐదుకు ఒకటి. ఫోటో తీసి నివేదికలో పెడతారు. 'ర్యాంపు ఉన్నదా?' అన్న ప్రశ్న ఎదుట 'ఉన్నది' అని రాస్తారు. ఆ సమాధానం అబద్ధం కాదు. కాని ఆ వాలు మీద ఒంటరిగా పైకి వెళ్ళగలవారు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. వాలుదారిని గోడ వెంట కొంత దూరం తీసుకుపోయి, మధ్యలో మలుపు తిప్పి వెనక్కి తెస్తే ఇరవైనాలుగు అడుగులు ఇముడుతాయి. మలుపు దగ్గర మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు గల చదునైన స్థలం విడవాలి. వాలుదారి మరీ పొడవైనదైతే సుమారు తొమ్మిది మీటర్లకు ఒకసారి అటువంటి విశ్రాంతి స్థలం ఉండాలి. రెండువైపులా రెయిలింగు కావాలి. కూర్చున్నవారికీ నిలుచున్నవారికీ అందేటట్లు అది రెండు ఎత్తులలో ఉండడం మంచిది. చక్రం పక్కకు జారిపోకుండా అంచున చిన్న గట్టు కట్టాలి. పైభాగం గరుకుగా ఉండాలి. అందం కోసం నున్నని గ్రానైటు పరచిన వాలుదారులు వానాకాలంలో ఎవరికీ పనికిరావు.

వాలుదారి మనకు కొత్త కాదు. మన పట్టణాలలో ఏ వీధికి వెళ్ళినా ఇళ్ళ ముందు మెట్ల మధ్య సన్నని సిమెంటు వాలు కనిపిస్తుంది. రాత్రిపూట స్కూటరును లోపలికి ఎక్కించుకోవడానికి యజమాని దగ్గరుండి పోయించుకున్నది అది. బండికి దారి కావాలని ఎవరూ చెప్పనక్కరలేకుండా మనకు తోచింది. దానికి అనుమతులు, నిధులు, కమిటీలు అవసరం కాలేదు. ఆ వాలు ఎంత నిటారుగా ఉన్నా ఇంజను లాగుతుంది. విచిత్రమేమిటంటే ప్రభుత్వ కార్యాలయాలలో, పాఠశాలలలో కట్టే వాలుదారులకు చాలాచోట్ల ఈ స్కూటరు వాలే నమూనా అయింది. కట్టిన మరునాటి నుంచి దాని మీద మోటారు సైకిళ్ళు నిలపడం కూడా అలవాటైంది.

వాలుదారి ఎక్కిన తరువాత ద్వారం. తలుపు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ కనీసం తొంభై సెంటీమీటర్లు ఉండాలని ప్రమాణం. ద్వారబంధం కొలత వేరు, ఈ ఖాళీ వేరు. పాత కార్యాలయాలలో రెండు రెక్కల తలుపులు ఉంటాయి. రెండూ తెరిస్తే ఏనుగు కూడా పోగలదు. కాని ఒక రెక్కకు ఎప్పుడూ గడియ వేసి ఉంచుతారు. మిగిలిన రెక్క ఇచ్చే సందులో మనిషి పక్కకు తిరిగి పోవలసిందే. ఆ గడియ తీయడానికి ఒక్క పైసా ఖర్చు లేదు. తలుపు ముందు చదునైన స్థలం ఉండాలి. వాలు మీదనే నిలబడి తలుపు లాగవలసి వస్తే కుర్చీ వెనక్కి జారుతుంది. తిప్పవలసిన గుండ్రని పిడి కంటె, క్రిందికి నొక్కితే తెరుచుకునే పిడి మేలు. చేతివేళ్ళలో పట్టు లేనివారు కూడా దానిని మోచేతితో తెరవగలరు.

ఇక గడప. వాననీరు, పురుగూ పుట్రా లోపలికి రాకుండా పెద్దలు గడపను ఎత్తుగా అమర్చారు. అందులో వివేకం ఉంది. అయితే చక్రాల కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. అవి ఎదురు దెబ్బ తగిలిన చోట ఆగిపోతాయి. అందువల్ల ప్రజలు వచ్చే భవనాలలో గడప ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లకు మించరాదని, దాని అంచులు ఏటవాలుగా చెక్కి ఉండాలని నిర్మాణ నిపుణులు చెబుతారు. నీరు రాకుండా తలుపు బయట జాలీ వేసిన సన్నని కాలువ, తలుపు అడుగున రబ్బరు పట్టీ సరిపోతాయి. పసుపు కుంకుమలకు పన్నెండు మిల్లీమీటర్ల గడప అయినా చాలు.

ఇక్కడ ఒక విషయం మన ప్రాంతానికి సంబంధించినది. పుస్తకాలలోని కొలతలన్నీ చక్రాల కుర్చీని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. మన పల్లెలలో, చిన్న పట్టణాలలో నడవలేనివారు ఎక్కువగా వాడేది చేతితో తిప్పే మూడు చక్రాల బండి, లేదా అదనపు చక్రాలు అమర్చిన స్కూటరు. ఇవి కుర్చీ కన్న పొడవైనవి, వెడల్పైనవి. ఎంత మంచి వాలుదారి ఉన్నా ఇవి కార్యాలయం లోపలికి పోవు. బండిని బయట ఆపి, దిగి, నేల మీద చేతులానించి పాకుతూ లోపలికి వెళ్ళడమే చాలామందికి మిగిలిన మార్గం. తనకు వైకల్యం ఉన్నదని ధ్రువపత్రం తెచ్చుకోవడానికి కూడా కొన్నిచోట్ల ఇలాగే వెళ్ళవలసి రావడం విచారకరం. కాబట్టి మన ఊళ్ళలో ప్రవేశం అంటే వాలుదారితో పాటు దాని మొదట్లో నీడగల బండి స్థలం, అక్కడే ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఒక చక్రాల కుర్చీ కూడా. ఆ కుర్చీ బీరువా గదిలో తాళం వేసి ఉంటే ప్రయోజనం లేదు.

చూపు లేనివారికి అడ్డంకి మెట్టు కాదు, మెట్టు ఎక్కడ ఉన్నదో తెలియకపోవడం. జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే రూపొందించిన ఉబ్బెత్తు పలకలను 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి వీధిలో పరిచారు. నేడు మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద, మెట్రో స్టేషన్లలో కనిపించే పసుపుపచ్చని పలకలు వాటి సంతతే. పొడవు గీతల పలక 'ముందుకు సాగు' అని, చుక్కల పలక 'జాగ్రత్త, ఆగు' అని పాదానికి, చేతికర్రకు చెబుతాయి. అర్థం తెలియక అలంకారంగా పరిస్తే ఈ పలకలు మనిషిని సూటిగా స్తంభం మీదికి నడిపిస్తాయి. మసకచూపు గలవారికి మెట్ల అంచున వేరు రంగు పట్టీ, గాజు తలుపు మీద కంటికి ఆనే గుర్తు చాలా మేలు చేస్తాయి. వినబడనివారికి స్పష్టమైన సూచికలు కావాలి.

మరొక చిక్కు ఉంది. ముందువైపు విశాలమైన మెట్ల వరుస కట్టి, వాలుదారిని భవనం వెనుక వంటగది పక్కనో, సామాను దించే చోటో కట్టడం మనకు అలవాటు. మిత్రులందరూ ముందు ద్వారం గుండా నవ్వుతూ లోపలికి వెళుతుండగా ఒక విద్యార్థి మాత్రం భవనం చుట్టూ తిరిగి, వెనుక తలుపు తాళం కోసం అటెండరును వెదుక్కోవాలి. కొలతల ప్రకారం అది సరైన వాలుదారే కావచ్చు. అయినా అది ఒక మనిషిని వేరు చేసి పంపే దారి. పోలియో వల్ల చక్రాల కుర్చీలోనే జీవించిన అమెరికన్ వాస్తుశిల్పి రోనాల్డ్ మేస్ ఈ ధోరణిని కాదని, సార్వజనీన రూపకల్పన అనే భావనకు పేరుపెట్టాడు. వైకల్యం గలవారికి ప్రత్యేకంగా ఒకటి, మిగిలినవారికి మరొకటి కాకుండా, మొదటి నుంచీ అందరికీ పనికివచ్చే ఒకే దారిని ఊహించడం దాని సారం. ఆ ఒక్క దారిలో కాలు విరిగి చంకకర్రలతో వచ్చినవాడు, నిండు గర్భిణి, మోకాళ్ళ నొప్పుల తాతగారు, పుస్తకాల పెట్టెలు తెచ్చే తోపుడుబండి, అందరూ వెళతారు.

పన్నెండుకు ఒకటి అన్న కొలత ఇప్పటిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన సైనికులు చదువుకోవడానికి ముందుకు వచ్చినప్పుడు, వారికి అనుకూలంగా తరగతి గదులను మార్చే పనిని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టిమొతి న్యూజెంట్ చేపట్టాడు. అక్కడి పరిశోధన ఆధారంగా 1961లో అమెరికాలో మొదటి ప్రమాణ పత్రం వెలువడింది. వాలు పన్నెండుకు ఒకటికి మించరాదని అందులోనే ఉంది. కాని దానిని పాటించి తీరాలన్న నిర్బంధం అప్పుడు లేదు. మరుసటి ఏడు 1962లో, పోలియో వల్ల మెడ క్రింది భాగమంతా చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆయన శ్వాసయంత్రం వసతిగృహంలో ఇమడనందున విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలోనే నివసిస్తూ చదివాడు. ఆయన మిత్రబృందం చేసిన కృషి వల్ల ఆ నగరపు కాలిబాటల అంచులు వాలుగా మారాయి. చట్టం ఇంకా దూరంలోనే ఉంది. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో సుమారు అరవై మంది తమ చక్రాల కుర్చీలను, చంకకర్రలను విడిచిపెట్టి, అమెరికా పార్లమెంటు భవనపు రాతి మెట్లను చేతులతో పాకుతూ ఎక్కారు. వారిలో ఎనిమిదేళ్ళ బాలిక కూడా ఉంది. ఆ సంవత్సరం జూలై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద అధ్యక్షుని సంతకం పడింది. కొలత తెలిసిన తరువాత అది నిర్బంధం కావడానికి ఆ దేశానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

మన దేశంలోనూ కథ కొలత దగ్గర కాక, దానిని చెప్పిన క్రియాపదం దగ్గరే చిక్కుకుంది. 1995లో పార్లమెంటు చేసిన చట్టం ప్రజా భవనాలలో వాలుదారులు ఉండాలన్నది. అయితే 'తమ ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి' అని ఒక మాట చేర్చింది. స్తోమత లేదని చెప్పదలచుకున్నవారికి ఆ మాట చాలు. 2001 జనవరిలో ప్రఖ్యాత శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ భారతదేశానికి వచ్చినప్పుడు, స్వయంగా చక్రాల కుర్చీలో తిరిగే ఉద్యమకారుడు జావేద్ అబీదీ తదితరుల ప్రయత్నంతో ఢిల్లీలోని కొన్ని చారిత్రక కట్టడాల వద్ద తాత్కాలికంగా చెక్క వాలుదారులు వెలిశాయి. ఒక విశ్వవిఖ్యాత అతిథి కోసం కొద్దిరోజులలో సాధ్యమైనది మిగిలినవారికి ఎందుకు సాధ్యం కాదని ఆనాడే ప్రశ్న పుట్టింది. 2004 లోక్‌సభ ఎన్నికల సమయంలో పోలింగు కేంద్రాల వద్ద చెక్క వాలుదారులు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2007లో మన దేశం ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ధ్రువీకరించింది.

2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఇందులో పాత వెసులుబాటు మాట లేదు. ప్రమాణాలను పాటించని నక్షాకు నిర్మాణ అనుమతి ఇవ్వరాదని, పాటించని భవనానికి పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వరాదని 44వ సెక్షను చెబుతుంది. నియమాలు ప్రకటించిన నాటి నుంచి ఐదేళ్ళలో ఉన్న ప్రజా భవనాలన్నింటినీ మార్చాలని 45వ సెక్షను చెబుతుంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022 జూన్‌తో గడువు తీరింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల వరకు, ఆ తరువాత యాభైవేల నుంచి ఐదు లక్షల వరకు జరిమానా కూడా ఉంది. ఇన్ని ఉన్నా మెట్లు అలాగే ఎందుకు ఉన్నాయి?

దీనికి సమాధానం హైదరాబాదు నుంచి కొంత వచ్చింది. చూపు లోపం గల రాజీవ్ రతూరి అనే పౌరుడు 2005లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంలో 2017 డిసెంబరులో తీర్పు వచ్చినా అమలు అంతంతమాత్రంగానే సాగింది. దానితో క్షేత్రస్థాయి పరిస్థితిని పరిశీలించి చెప్పే బాధ్యతను న్యాయస్థానం హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ కేంద్రం ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకొని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు మరో తీర్పు చెప్పింది. 2017 నియమాలలోని 15వ నియమం ప్రస్తావించిన మార్గదర్శకాలు సలహాల రూపంలో ఉన్నాయి. చట్టం కోరినది మాత్రం తప్పనిసరి నియమాలు. 'పాటించవచ్చు' అన్న మాటకు, 'పాటించి తీరాలి' అన్న మాటకు మధ్య ఉన్న తేడా ఇది. తెలుగు వ్యాకరణంలో అది ఒక క్రియారూపం తేడా. కార్యాలయం మెట్ల ముందు ఆగిన మనిషికి అది లోపలికి, బయటికి ఉన్న తేడా. ఆ నియమం చట్టానికి విరుద్ధమని కొట్టివేస్తూ, విధిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను వేరుగా రూపొందించాలని న్యాయస్థానం కేంద్ర ప్రభుత్వానికి మూడు నెలల గడువు ఇచ్చింది.

ఖర్చు ఎక్కువవుతుందన్న అభ్యంతరం తరచుగా వినవస్తుంది. నక్షా గీసేటప్పుడే ఆలోచిస్తే వాలుదారి వల్ల పెరిగే ఖర్చు భవనపు మొత్తం వ్యయంలో లెక్కకు రానంత చిన్నది. కట్టిన తరువాత పగలగొట్టి మార్చడమే ఖరీదైన పని. వరద భయం లేని చోట కూడా హుందాగా కనిపించాలని పునాదిని మూడడుగులు లేపి, తరువాత ముప్పై ఆరు అడుగుల వాలుదారికి స్థలం లేదని వాపోవడంలో అర్థం లేదు. పాత భవనాల విషయం వేరు. నిజంగానే స్థలం లేని చోట చిన్న యాంత్రిక లిఫ్టు పెట్టవచ్చు. మేడ మీది కౌంటరును క్రిందికి మార్చవచ్చు. చారిత్రక కట్టడాలలో రాయిని ముట్టకుండా, విప్పి తీయగల చెక్క లేదా ఇనుప వాలుదారి పెట్టవచ్చు. అయితే ఇద్దరు బలమైన మనుషులు కుర్చీతో సహా ఎత్తుకొని పోతారన్న ఏర్పాటును మాత్రం ప్రవేశమార్గంగా లెక్కించకూడదు. జారితే ముగ్గురికీ ప్రమాదం. జారకపోయినా, లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఎవరైనా ఎత్తుకోవడానికి తీరిక చేసుకొనే వరకు ఆ మనిషి ఎదురుచూడాలి.

ప్రమాణాలను పాటించని భవనాలపై ఫిర్యాదులను స్వీకరించడానికి 2016 చట్టం ప్రతి రాష్ట్రంలోను ఒక కమిషనరును నియమించాలని నిర్దేశించింది. ఫిర్యాదు చేయదలచినవారు 'ర్యాంపు బాగాలేదు' అని రాస్తే దానికి 'బాగుంది' అనే జవాబు రావచ్చు. ఒక కొలత టేపు, కాగితం, ఇద్దరు మిత్రులు ఉంటే చాలు. నేల నుంచి ద్వారం వరకు ఉన్న ఎత్తును సెంటీమీటర్లలో కొలవాలి. వాలుదారి మొదలు నుంచి చివరి వరకు నేల మీది పొడవును కొలవాలి. పొడవును ఎత్తుతో భాగించాలి. పన్నెండు గాని, అంతకు మించి గాని వస్తే వాలు సరైనదే. ఏడో, ఐదో వస్తే ఆ అంకెనే రాయాలి. దాని క్రింద తలుపు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ, గడప ఎత్తు, వాలుదారి మీద నిలిపిన మోటారు సైకిళ్ళ సంఖ్య, కొలిచిన తేదీ రాసి, భవనం పేరు చేర్చి పంపవచ్చు.